గాలిలో ఔచిత్యం

సైకిలు టైరులో గాలి ఎంత ఉండాలన్న ప్రశ్న మా ఉద్యోగకాలంలో ఎవరికీ కలిగేది కాదు. పావలా ఇచ్చి గాలి కొట్టించి, బొటనవేలితో టైరు నొక్కి చూసి, "ఇక చాలు నాయనా" అనడంతో ఆ శాస్త్రం సమాప్తం. ఆ నల్ల సైకిలు టైరు ఒకటిన్నర అంగుళం వెడల్పు. గాలి ఎక్కువైనా తక్కువైనా బడికి చేర్చేది. పదవీ విరమణానంతరం నేను తొక్కుతున్న రోడ్డు సైకిలు టైరు వెడల్పు 28 మిల్లీమీటర్లే. టైరు సన్నమైన కొద్దీ పీడనం ఎక్కువ కావాలి. ఆ ఎక్కువ ఎంత అన్నదే విచారణీయం.

నాకిది కాలక్షేప విచారణ కాదు. అరవై ఆరేళ్ల వయసు. మోకాళ్ల కోసం సైకిలు విడువరాదు; పడితే ఎముక త్వరగా అతుకదు. పైగా కాలువగట్టు రోడ్డుపై గంటసేపు తొక్కి వచ్చిన రోజున కుడిచేతి చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కి కలం పట్టనిచ్చేవి కావు. జీవితమంతా అక్షరాలు దిద్దించినవానికి అది చిన్న బాధ కాదు. దుకాణంవారు టైరు పక్కన ముద్రించిన గరిష్ఠసంఖ్య దాకా, అంటే 110 పౌండ్లు నింపి ఇచ్చారు. ఉదయం నాతో తొక్కే కుర్రవాళ్లు సైతం "మాస్టారూ, రాయిలా ఉంటేనే పరుగు!" అనేవారు.

తరచి చూడగా విషయమిది. చక్రం దొర్లేటప్పుడు మన శక్తి రెండు విధాల వ్యయమవుతుంది. నేలను తాకే చోట టైరు వంగి, తిరిగి యథాస్థితికి రావడంలో కొంత వేడిగా పోతుంది. గాలి పెంచితే ఈ నష్టం తగ్గుతుంది. గతుకు తగిలినప్పుడు సైకిలూ మనిషీ అదిరిపడడంలో మరికొంత పోతుంది. గాలి పెంచితే ఈ నష్టం పెరుగుతుంది. ప్రయోగశాలలో నున్నని ఉక్కు డ్రమ్ముపై పరీక్షిస్తే రెండవది కనబడదు. అందువల్లనే గట్టిదనమే వేగమన్న నమ్మకం బలపడింది. నిజమైన రోడ్డుపై ఒక హద్దు దాటాక మొత్తం నష్టం పెరుగుతుంది. 2000 దశకంలో 23 మిల్లీమీటర్ల టైర్లు వాడిన పందెగాళ్లు నేడు 28కి, అంతకు మించిన వెడల్పులకు, తక్కువ పీడనాలకు మారడానికి ఇదొక ముఖ్యకారణం. అసలు 1888లో జాన్ బాయిడ్ డన్లప్ అనే పశువైద్యుడు బెల్‌ఫాస్టులో గాలిటైరుకు పేటెంటు పొందిన వేళనే, కుదుపు తగ్గించడం దాని ప్రయోజనంగా ఉన్నది.

అట్లని మరీ తగ్గించరాదు. గుంత అంచు తగిలితే ట్యూబు రిమ్ముకు నలిగి పాముకాటు వంటి జంటరంధ్రాలు పడతాయి. మలుపులో చక్రం తడబడుతుంది.

నా బరువు 68 కిలోలు, సైకిలు 10 కిలోలు. ఆ భారంలో ఎక్కువ పాలు వెనుక చక్రానిది. 80 పౌండ్ల నుండి మొదలుపెట్టి, వారానికి కొంత చొప్పున తగ్గిస్తూ, అదే దారిలో తొక్కి, పట్టిన కాలమూ చేతుల స్థితీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. వెనుక 70, ముందు 64 వద్ద నిలిచాను. ప్రయాణకాలం పెరగలేదు, తిమ్మిరి చాలావరకు పోయింది. వానరోజుల్లో పట్టు కోసం మరో నాలుగు తగ్గిస్తాను. పది డిగ్రీల వేడి పెరిగితే సుమారు మూడు పౌండ్లు తనంతట పెరుగుతుంది కనుక వేసవిలో నీడన చూసుకుంటాను.

పదకొండవ శతాబ్దిలో కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. అలంకారమైనా తగిన చోటనే శోభిస్తుంది. టైరుపై ముద్రించిన గరిష్ఠసంఖ్య దాటరాని హద్దును మాత్రమే తెలుపుతుంది. రిమ్ముకు వేరే హద్దుంటే రెండింటిలో తక్కువదే ప్రమాణం. ఆ హద్దులోపల ఉచితమైనది మన బరువును, టైరు వెడల్పును, మన ఊరి రోడ్డును బట్టి నిర్ణయమవుతుంది.

మిత్రులెవరైనా ఈ వయసులో సైకిలెక్కదలిస్తే ముందుగా గేజి ఉన్న పంపు ఒకటి కొనండి. 70కీ 100కీ భేదం బొటనవేలికి తెలియదు. సన్నటైరు గాలి దానంతటదే దిగిపోతుంది కనుక వారానికొకసారి, బయలుదేరేముందు, తప్పక చూసుకోండి.