కడబంతిలో కూర్చున్న నేల

పుదుచ్చేరికి దక్షిణంగా, అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే చోటికి చేరువలో, వీరాంపట్టినం అనే జాలరి గ్రామం ఉన్నది. 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వకాలు జరిపించి, రోమకులతో వర్తకం నెరపిన ప్రాచీన రేవును లోకానికి ఎరుకపరచిన అరికమేడు దానికి పొరుగునే ఉన్నది. ఆడి మాసంలో ఆ ఊరి సెంగళునీర్ అమ్మవారికి రథోత్సవం జరుగుతుంది. ఫ్రెంచివారి ఏలుబడిలో గవర్నరు స్వయంగా వచ్చి తేరు మోకు పట్టేవాడు. ఆ మర్యాదను తరువాతి పాలకులు కూడా పాటిస్తూ వచ్చారు. ఆ దినాలలో అక్కడ వీచేది పడమటి గాలి. సముద్రానికి ఎదురుగా నిలిచినవానికి అది వీపున తగులుతుంది. ఆడి గాలికి సన్నికల్లు సైతం ఎగిరిపోతుందని తమిళంలో ఒక సామెత ఉన్నది. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని తెలుగువారంటారు. ఒకరు గాలిని గురించి, ఒకరు ఎండను గురించి చెప్పదలచినా, ఇరువురూ సాక్ష్యానికి పిలిచినది వంటింటి రాళ్లనే.

ఆ గాలి పుట్టిన చోటు అరేబియా సముద్రం. అక్కడ నీరు నింపుకొని బయలుదేరిన నైరుతి గాలి పడమటి కనుమలను ఎక్కేటప్పుడే తన బరువునంతా దించుకుంటుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైబడి వాన కురవడానికి కారణం ఇదే. కనుమ దాటి తూర్పుకు దిగే గాలి దిగినకొద్దీ వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి తేమను విడవదు సరికదా, నేలలో మిగిలి ఉన్నదానిని కూడా పీల్చుకొని పోతుంది. ఈ వర్షచ్ఛాయలో పడిన పీఠభూమిలో తెలుగువారి వంతుకు వచ్చినది రాయలసీమ. అందులోనూ మిక్కిలి పొడియైనది అనంతపురం. 2022లో ఆ జిల్లా రెండై, దక్షిణభాగం శ్రీ సత్యసాయి జిల్లా అయినది. ఆకాశం మాత్రం ఆ విభజనను గుర్తించినట్లు లేదు. కనుక ఈ వ్యాసంలో అనంతపురమంటే పాత జిల్లా అనే గ్రహించవలెను.

అక్టోబరు నడిమికి గాలి తిరుగుతుంది. ఈసారి బంగాళాఖాతం నుంచి ఈశాన్యపు గాలి వస్తుంది. వీరాంపట్టినం వంటి తీరగ్రామాలది అప్పుడు తొలిబంతి. పుదుచ్చేరిలో సంవత్సరానికి కురిసే సుమారు 1,300 మిల్లీమీటర్లలో సగానికి మించి ఆ చివరి మూడు మాసాలలోనే కురుస్తుంది. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి చేరువలో తీరం దాటినప్పుడు ఒక్క దినంలో 48 సెంటీమీటర్ల వాన పడినది. అనంతపురానికి సంవత్సరమంతటికీ లెక్కగట్టిన సగటు 55 సెంటీమీటర్లు. తీరంలో ఒక పగలూ ఒక రాత్రీ కురిసినంతటితో పీఠభూమి పన్నెండు నెలలూ కాపురం చేయవలె. ఈశాన్యపు గాలి అక్కడికి చేరేలోగా శేషాచలం, పాలకొండలు, నల్లమల దానికి అడ్డు తగులుతాయి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. అనంతపురం రెండు సముద్రాల విందులోనూ కడబంతిలోనే కూర్చున్నది. వడ్డించే గాలి ఎవరికీ చుట్టం కాదు.

అంతమాత్రాన ఈ నేలను ఎడారి అనడం సబబు కాదు. దేశంలో జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన పడేది ఇక్కడేనని పదేపదే చెబుతుంటారు. ఆ మాట చెప్పేవారు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినట్లు కనిపించదు. జైసల్మేరుకు దక్కేది ఇరవై సెంటీమీటర్ల లోపు. అనంతపురానిది దానికి రెండింతలకు మించినది. లండను నగరంలో ఏడాదికి కురిసేది అరవై సెంటీమీటర్లకు అటూఇటూగానే ఉంటుంది. అయినా లండనును కరవు సీమ అని ఎవరూ అనరు. అక్కడ వాన ఏడాది పొడుగునా తుంపరగా పడుతుంది, ఎండ మెత్తనిది, నేల తాగినది నేలలోనే ఉంటుంది. ఇక్కడ వాన కొద్ది గంటలలో పెళ్లున కురిసి వంకల పాలవుతుంది. మిగిలినదానికి సూర్యుడూ గాలీ వంతులు వేసుకుంటారు. కనుక ఈ నేలను అడగవలసిన ప్రశ్న ఎంత కురిసింది అని కాదు, ఎప్పుడు కురిసింది అని. ప్రభుత్వపు లెక్కలు మొదటి ప్రశ్నకు బదులు చెబుతాయి. సేద్యగాని బ్రతుకు రెండవదాని మీద ఆధారపడి ఉన్నది.

ఆ రెండవ ప్రశ్న కోసమే కార్తెల లెక్క పుట్టినది. ఉగాదితో సంవత్సరం మొదలవుతుందని పంచాంగం చెబుతుంది గాని, ఎర్రనేల రైతుకు మృగశిర రానిదే సంవత్సరం రాదు. అంతవరకూ ఎండాకాలమే. పాదరసం నలభై డిగ్రీలు దాటుతుంది. చెరువుల అడుగు పెంకులు పెంకులుగా విచ్చుకుంటుంది. చింతచెట్టు నీడకు, వేపచెట్టు నీడకు విలువ పెరుగుతుంది. తీరవాసి ఆ దినాలలో చెమటతో తడిసిపోతాడు. పీఠభూమివాసికి చెమట కంటబడక మునుపే ఆరిపోతుంది. అయితే అతనికి ఒక సుఖం ఉన్నది. పొద్దు గుంకిన కొంతసేపటికి రాళ్లు వేడిని విడిచిపెడతాయి. ఆరుబయట మంచం వేసుకొన్నవానికి తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోబుద్ధి పుడుతుంది. సముద్రపుటొడ్డున ఆ భాగ్యం లేదు.

కన్నడ పొరుగుతనం వల్ల అక్కడివారు తొలివానలను ముంగారు అనీ, మలివానలను హింగారు అనీ అంటారు. జూన్ 8 ప్రాంతాన మృగశిర ప్రవేశిస్తుంది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. అయితే కార్తె వచ్చినంత మాత్రాన వాన రావలెనన్న నియమమేమీ లేదు. మబ్బులు పడమటి నుంచి తూర్పుకు బారులు తీరి పోతూనే ఉంటాయి, కురవవు. గాలి మాత్రం ఆగదు. ఆ గాలిని నమ్ముకొనే రామగిరి గుట్టల మీద 1990ల నుంచి గాలిమరలు నిలిపారు. వాన తేలేని గాలి కరెంటునైనా తెచ్చినది. అదే గాలి బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతాలలో చేసే పని వేరు. వేదవతి నదిని అక్కడ హగరి అంటారు. ఎండిపోయిన ఆ నది గర్భం నుంచి ఇసుకను ఎత్తి గాలి పొలాల మీద పోస్తుంది. దర్గా హోన్నూరు దగ్గర ఏర్పడిన ఇసుక దిబ్బలను చూసినవారు, ఎడారి కాదన్న మాటను మరొకసారి ఆలోచించుకోవలసి వస్తుంది.

విత్తడానికి కావలసినది పదును. ఈ మాటకు తేమ అని అర్థం చెబితే సగమే చెప్పినట్లు. గొర్రు దిగేటంత మెత్తన, విత్తనం మొలిచి వేరు పట్టేటంత తడి, రెండూ కలిసినదే పదును. అది వచ్చిన రెండు మూడు రోజులలో విత్తు పడవలె. లేకపోతే గాలి దానిని ఆర్పేస్తుంది. అందుచేత వాన వెలిసిన మర్నాడు ఊరంతటికీ ఒకేసారి ఎద్దులో ట్రాక్టరో కావలసి వస్తుంది, ఒకేసారి అప్పు కావలసి వస్తుంది. పదును తప్పకూడదని విత్తినవానికి మళ్లీ నెలరోజులు చినుకు లేకపోతే దానిని బెట్ట అంటారు. మొలక బెట్టకు ఓర్చుకొంటుంది. కొంత బెట్ట మేలని కూడా అనుభవజ్ఞులు చెబుతారు. వేరు లోతుకు దిగుతుందట.

వేరుశనగకు అసలు గండం తరువాత ఉన్నది. అక్కడివారు శెనిక్కాయ అనే ఈ పైరు పువ్వు నేల పైన పూస్తుంది గాని కాయ నేల లోపల కాస్తుంది. పూత రాలినచోటి నుంచి సన్నని ఊడ ఒకటి కిందికి దిగి మట్టిలోకి చొచ్చుకొని పోవలె. మట్టి తడిగా ఉంటే సూదిలా దిగుతుంది. గట్టిపడి ఉంటే ఊడ గాలిలోనే ఎండిపోతుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది, పెరికి చూస్తే కాయలుండవు. జులై మొదట విత్తిన పైరుకు ఊడలు దిగి కాయ ఊరే సమయం ఆగస్టు రెండవ పక్షంలోనూ సెప్టెంబరు తొలి దినాలలోనూ వస్తుంది. అవి మఖ, పుబ్బ కార్తెలు. మఖా పుబ్బలు వరుపైతే మహా కరవు అన్న సామెత వేరుశనగ కంటె ఎంతో పాతదై ఉండవలె. కాని వేరుశనగ కోసమే చెప్పినట్లున్నది.

హిందీ సీమలలో ఘాఘ్, భడ్డరీ అనే పేర్లతో చెలామణి అయ్యే వాన సామెతలు కూడా నక్షత్రాలనే లెక్కిస్తాయి. గంగా మైదానపు రైతు హస్తను హథియా అంటాడు. ఆ వాన పడితే వరి గింజ కడుతుంది, రబీ దుక్కికి తడి మిగులుతుంది. నక్షత్రాలు అవే, పేర్లు దాదాపు అవే. అయితే అతనికి హథియాతో వానల కథ ముగుస్తుంది. పీఠభూమివానికి సెప్టెంబరే అధిక వర్షపు నెల. హస్త, చిత్త, స్వాతి గడిచేకొద్దీ ఇంకొక సముద్రం వంతు వస్తుంది. తాడిపత్రి, ఉరవకొండ ప్రాంతాల నల్లరేగడి రైతు ముంగారులో చేతులు కట్టుకొని కూర్చొని, ఆ సమయంలో పప్పుశనగ విత్తుతాడు. ఒకే జిల్లాలో ఎర్రనేల ఏడ్చిన ఏడు నల్లనేల నవ్వవచ్చును. సగటు వర్షపాతం అనేది ఎవరి పొలంలోనూ కురవదు.

పూర్వులు ఈ అనిశ్చితిని ఎరిగి సేద్యం చేశారు. కొర్ర, ఆరిక, సజ్జ, జొన్న, ఉలవ, కంది, ఆముదం కలిపి చల్లేవారు. ఒకటి మాడితే ఒకటి దక్కేది. వానను నిలబెట్టడానికి చెరువులు కట్టారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించి 1369లో వేయించిన శాసనంలో మంచి చెరువుకు పన్నెండు అంగాలూ ఆరు దోషాలూ చెప్పబడి ఉన్నవి. దోషాలలో రెండు గమనించదగినవి: నీరు కొద్దిదై సాగుకు పెట్టుకొన్న నేల పెద్దది కావడం, నీరు పెద్దదై నేల కొద్దిది కావడం. ఇంత సూక్ష్మంగా చెప్పినవారు వానను నమ్మి కాక, వానను అనుమానించి కట్టారని వేరే చెప్పనక్కరలేదు.

20వ శతాబ్ది రెండవ భాగంలో చెరువులు పూడాయి, మిశ్రమం పలచబడినది. 1986లో కేంద్రప్రభుత్వం నూనెగింజల టెక్నాలజీ మిషన్ ఆరంభించిన తరువాత వేరుశనగకు ధర పలికి, ఎర్రనేల దాదాపుగా ఆ ఒక్క పంటకే అంకితమైనది. డబ్బు వచ్చిన సంవత్సరాలూ లేకపోలేదు. వాటిని చూసిన రైతును తప్పు పట్టడం న్యాయం కాదు. కాని పది పంటలు పదిచోట్ల చూసే ఆకాశాన్ని ఒక్క పంట ఒక్క పక్షంపాటు చూస్తూ కూర్చున్నది. ఆకాశం మారలేదు. దానితో ఆడే పందెం మారినది.

ఆకాశం రెండు వైపులా చేయి విడిచిన సంవత్సరాలు వేరు. 1876లో నైరుతి చాలలేదు, ఈశాన్యం రాలేదు. తెలుగువారు ధాత కరవు అని పిలుచుకొన్న ఆ కాలంలో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టించాడు. రాయలసీమలో ఆయన పేరు నేటికీ పలుకుతారు. దీనికి విరుద్ధమైన విడ్డూరం 2021లో జరిగినది. ఆ ఏడు నవంబరు 19 తెల్లవారుజామున ఒక వాయుగుండం పుదుచ్చేరికీ చెన్నైకీ నడుమ తీరం దాటి, కొండలను లెక్కచేయక లోపలికి వచ్చినది. నాడే చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ గ్రామాలు కొట్టుకొనిపోయినవి. కరవుకు మారుపేరైన అనంతపురంలో, చిత్రావతి వరదలో చిక్కినవారిని హెలికాప్టరుతో పైకి తీశారు. కడబంతికి ఒక్కసారిగా గంగాళం బోర్లించినట్లయినది.

నందికొండల వరుసలోనే రెండు పినాకినులు పుట్టినవి. ఉత్తర పినాకిని, అంటే పెన్న, హిందూపురం వైపు దిగి, అనంతపురం పొడి నేలను చుట్టి, కడప మీదుగా నెల్లూరు సముద్రం చేరుతుంది. అనంతపురంలో దానిని దాటడానికి ఏడాదిలో ఎక్కువ దినాలు చెప్పులు విడవనక్కరలేదు. దక్షిణ పినాకిని తమిళ దేశం మీదుగా వీరాంపట్టినానికి దక్షిణాన, కడలూరు చేరువలో సముద్రంలో పడుతుంది. ఫెంగల్ తరువాత సాత్తనూరు ఆనకట్ట నుంచి వదిలిన నీటితో ఈ నది పొంగి 2024 డిసెంబరు మొదటి దినాలలో కడలూరు ప్రాంతాన్ని ముంచినది. అక్కచెల్లెళ్లకు పుట్టిల్లు ఒకటే. మెట్టినిళ్ల తీరు ఇది.

తుంగభద్ర ఎగువ కాలువ, ఈ శతాబ్దంలో హంద్రీ-నీవా కాలువ కొన్ని ఊళ్లకు నీరు తెచ్చినవి. ఆ చెరువులలో ఎండాకాలం కూడా కొంగలు కనబడుతున్నవి. కాలువ చేరని ఊళ్లే ఇంకా ఎక్కువ. అటువంటి కొన్నిచోట్ల ఇటీవల రైతులు పాత మిశ్రమాన్ని మళ్లీ తలపెట్టారు. వానకు ముందే, మే నెల పొడినేలలోనే, బంకమట్టి, బూడిద, పేడ పట్టించిన నవధాన్యాలను చల్లుతున్నారు. పై పూత వల్ల చీమలు ముట్టవు. చిన్న చినుకుకు తొందరపడి మొలవవు. వేరుశనగ విత్తినచోట కూడా కొన్ని సాళ్లకు ఒక కందిసాలు వేస్తున్నారు. మఖ, పుబ్బలు ఎండి శెనిక్కాయ ఊడ దిగకపోయినా, కంది వేరు లోతుకు దిగి కాచుకొని ఉంటుంది. బంగాళాఖాతం నుంచి హింగారు వాన ఒక్కటి కొండ దాటి వస్తే, మార్గశిర మాసపు చలిలో పసుపుపచ్చగా పూస్తుంది.