గుర్రప్పిల్లను కోల్పోయిన ఇంట

పశువు చనిపోతే ఏడవవచ్చునా? మదర్సాలో పాఠాలు చెప్పే నన్ను ఎందరో ఎన్నో మసాయిల్ అడిగారు గాని, ఈ ప్రశ్నను మొదటిసారి విన్నది తాడేపల్లిగూడెంలో పదేళ్ళ విద్యార్థి నోట.

ఆ బాలుడి తాతగారు జట్కా తోలినవారు. ఒకప్పుడు ఏలూరు, తాడేపల్లిగూడెం రైల్వే స్టేషన్ల ఎదుట జట్కాబళ్ళు బారులు తీరేవి. వాటిమీద బ్రతికిన వారిలో మనవారు అనేకులు. రిక్షాలు, ఆపై ఆటోలు వచ్చి ఆ బళ్ళను వీధుల నుండి తప్పించాయి. గుర్రాన్ని వదులుకోలేని కొద్ది ఇళ్ళలో అది పెళ్ళి ఊరేగింపుల గుర్రంగా మిగిలింది. ఈ ఇంట ఉన్నది ఒకే ఆడగుర్రం. అది తెచ్చే సంపాదనే ఏడాదికి ఆధారం. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. ఆ పదకొండు నెలలూ ఆ బాలుడు వేళ్ళమీద లెక్కపెట్టాడు.

ఆరోగ్యంగా పుట్టిన గుర్రప్పిల్ల దాదాపు గంటలో లేచి నిలబడుతుంది. రెండు గంటలలో తల్లి పొదుగు అందుకుంటుంది. ఇది నిలబడలేకపోయింది. పశువైద్యులు వచ్చి, ముర్రుపాలు పిండించి గొట్టం ద్వారా పట్టించారు. అయినా రెండవనాటి ఫజ్ర్ వేళకు దాని ఆయువు తీరింది.

కళేబరాన్ని వెంటనే తీసుకుపోవాలని మగవారు తొందరపడ్డారు. ఇంట్లోని వృద్ధురాలు, ఆ బాలుని నాయనమ్మ, "కాసేపు ఉంచండి నాయనా, తల్లిని చూసుకోనివ్వండి" అని అడ్డుకున్నారట. గుర్రం పిల్లను మూతితో నెట్టింది, వాసన చూసింది, సకిలించింది. కొన్ని గంటల తరువాత తనంతట తానే పక్కకు జరిగి నీళ్ళు తాగింది. పిల్ల పోయిన గుర్రానికి అలా కొంత సమయం ఇవ్వాలనే అశ్వపోషకులు కూడా చెబుతారు. ఆ వృద్ధురాలికి మాత్రం ఎవరూ నేర్పలేదు.

బాలుడు ఏడుస్తూ ఉంటే, "మనిషి పోయినట్లు ఆ ఏడుపేమిటి?" అని బంధువులు మందలించారు. వాడు ఆ మందలింపును మోసుకొని నావద్దకు వచ్చాడు. "హజ్రత్, పశువు కోసం ఏడిస్తే గునాహ్ అవుతుందా?"

నేను వానికి అబూ ఉమైర్ గురించి చెప్పాను. హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్. ఆ బాలుడు ఆడుకునే చిన్న పక్షి చనిపోయింది. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చి, దిగులుగా ఉన్న పసివాణ్ణి పెద్దవాణ్ణి పిలిచినట్లు 'అబూ ఉమైర్' అని పిలిచి, ఆ పక్షి సంగతి అడిగారు. ఒక సమాజాన్ని నడిపే ప్రవక్తకు ఒక పిల్లవాని పిచ్చుక చిన్న విషయంగా తోచలేదు. ఈ ఒక్క హదీసు నుండి షాఫయీ ధర్మవేత్త ఇబ్నుల్ ఖాస్ అరవై ప్రయోజనాలను వెలికి తీశారు. మనం ఒక్కటి గ్రహించినా చాలు: పిల్లల దుఃఖాన్ని తూకం వేయకూడదు, ముందు దానిని పలకరించాలి.

తమ కుమారుడు ఇబ్రాహీమ్ పాలు తాగే వయసులో కన్నుమూసినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు పెట్టారు. తమరు కూడానా అని ఒక సహాబీ ఆశ్చర్యపోతే, అది కారుణ్యమేనని చెప్పారు. సహనమంటే కళ్ళు పొడిగా ఉండటం కాదు. అల్లాహ్ నిర్ణయంపై నాలుక ఫిర్యాదు చేయకుండటం.

బాలుని తండ్రి బాధ వేరు. "ముందురోజే డాక్టరుగారిని పిలిచి ఉంటే... కొట్టంలో ఇంకొంత గడ్డి పరచి ఉంటే..." అంటూ ఆయన ఆ రాత్రినే పదేపదే తవ్వుకుంటున్నారు. జరిగిపోయినదాని గురించి 'అలా చేసి ఉంటే' అనే మాట షైతాను పనికి తలుపు తెరుస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అయితే దీని అర్థం నేర్చుకోవద్దని కాదు. అదే హదీసు మేలు కలిగించేదాని కోసం పాటుపడమని, అల్లాహ్ సహాయం కోరమని, చేతులు ముడుచుకోవద్దని కూడా చెబుతుంది. నిన్నటి కోసం చెప్పే 'ఉంటే' మనిషిని తినేస్తుంది. రేపటి కోసం తెలుసుకునేది అతన్ని నిలబెడుతుంది.

తెలుసుకోవలసినవి ఇవి. గుర్రం తన రోగనిరోధక శక్తిని గర్భంలో పిల్లకు ఇవ్వలేదు. అది ముర్రుపాల ద్వారానే అందాలి, అదీ మొదటి కొద్ది గంటలలో. ఒక రోజు గడిస్తే పిల్ల పేగులు ఆ రక్షణను స్వీకరించలేవు. ఈనిన మూడు గంటలలో మావి పడకపోతే అది తల్లి ప్రాణానికే ముప్పు, వెంటనే వైద్యుని పిలవాలి. పిల్ల పోయాక తల్లికి దాణా, ఉలవలు తగ్గించాలి. పొదుగు వేడెక్కిందా, గట్టిపడిందా అని రోజూ తాకి చూడాలి. పాలు పూర్తిగా పిండుతూ పోతే ఇంకా ఊరుతూనే ఉంటాయి. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఈ మాటలు గుర్రాలున్న కొద్ది ఇళ్ళకే పరిమితం కావు. ఆకివీడు, కైకలూరు వైపు కొల్లేటి గ్రామాలలో గేదె దూడ పోయిన ఇంట కూడా ఇదే దుఃఖం, ఇదే నష్టం. అక్కడ ఇంకొక బాధ్యత ఉంది. తమ్మిలేరు, బుడమేరు నీళ్ళు కొల్లేటిలో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. కాలువలో పడవేసిన కళేబరం మరొకరి రేవుకు, మరొకరి చేపల చెరువుకు చేరుతుంది. పశువుకు జనాజా లేదు గాని, దాని వలన పొరుగువారికి హాని కలగకుండా చూడటం మన విధి. తక్కువ లోతులోనే నీరు ఊరే నేల కనుక, చెరువులకు దూరంగా మెరక చూసి, లోతుగా తవ్వి, సున్నం చల్లి పూడ్చాలి.

వారం తిరగకముందే ఏలూరు నుండి ఒక పెళ్ళివారు కబురు పంపారు. పిల్ల లేదు కనుక గుర్రం ఖాళీయే కదా అని వారి ఉద్దేశం. బయానా కూడా వెంటనే ఇస్తామన్నారు. గడ్డి బాకీ, మందుల ఖర్చు ఆ ఇంటి గుమ్మంలోనే కూర్చొని ఉన్నాయి. గుర్రం ఇంకా నీరసంగా ఉంది, పొదుగు వాపు తీయలేదు. తనచేత మితిమీరి పని చేయించి, ఆకలితో ఉంచుతున్నారని ఒక ఒంటె మొరపెట్టుకోగా, దాని యజమానిని దైవప్రవక్త (స) అల్లాహ్‌కు భయపడమన్న సంగతి ఆ తండ్రికి తెలుసు. నేను గుర్తుచేయవలసిన అవసరం రాలేదు. "ఈ నెల రాలేదండీ" అని ఆయన ఫోనులో చెబుతుండగా విన్నాను. ఆ నెల ఆయన రైసు మిల్లులో బస్తాలు మోశారు.

సబ్ర్ అనే పదానికి నిఘంటువులలో నిగ్రహించుకోవడం, పట్టి నిలపడం అనే అర్థాలున్నాయి. విద్యార్థులకు ఇకపై ఆ పదం చెప్పేటప్పుడు ఈ ఇంటిని కూడా చెబుతాను. పోయినదాని కోసం కన్నీరు, ఉన్నదాని కోసం కష్టం, ఈ రెండూ ఆ ఒక్క పదంలో ఇముడుతాయి.

నష్టపోయిన ప్రతి ఇంటికీ అల్లాహ్ మేలైన ప్రతిఫలం ప్రసాదించుగాక! నోరులేని ప్రాణులపట్ల మన హృదయాలను మెత్తపరచుగాక! ఆమీన్.