ఎక్కడ ఆగింది?

నేను ఆరో తరగతికి లెక్కలు చెబుతాను. కంప్యూటర్లు నా సబ్జెక్టు కాదు. అయినా ఈ నెల ఒక కంప్యూటర్ బోర్డు గురించి రాయాలనిపించింది.

మా తమ్ముడు ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం బీగల్‌బోన్ బ్లాక్ అనే బోర్డు కొన్నాడు. ఏటీఎం కార్డంత ఉంటుంది. దాని మీద లినక్స్ నడపాలి. ఒక ఆదివారం దానికి కరెంటు ఇస్తే చిన్న లైటు వెలిగింది, అంతే. అరగంటైనా ఉలుకూ పలుకూ లేదు. "పాడైన ముక్క ఇచ్చారురా, తిరిగిచ్చెయ్" అన్నాను.

"ఆగక్కా, అదేమంటోందో చూద్దాం" అని వాడు బోర్డుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య సీరియల్ కేబుల్ కలిపాడు. దానికి 3.3 వోల్టుల కేబులే వాడాలట, 5 వోల్టులది పెడితే చిప్ దెబ్బతినవచ్చట. స్పీడు 115200 అని పెట్టి మళ్లీ ఆన్ చేశాడు. తెర నిండా అక్షరాలు పరుగెత్తాయి.

బూట్ అవడమంటే ఒక్క పని కాదని అప్పుడు తెలిసింది. చిప్‌లోనే ఉన్న చిన్న ప్రోగ్రామ్ మొదట లేస్తుంది. అది ఇంకో చిన్న లోడర్‌ను లేపుతుంది. ఆ లోడర్ 512 ఎంబీ ర్యామ్‌ను సిద్ధం చేసి యూ-బూట్‌ను తెస్తుంది. యూ-బూట్ లినక్స్ కెర్నల్‌ను, బోర్డులో ఏమేం ఉన్నాయో చెప్పే డివైస్ ట్రీని ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. చివరికి కెర్నల్ మెమరీ కార్డులోని తన ఫైళ్లు వెతుక్కుంటుంది.

మా బోర్డు అక్కడిదాకా వచ్చింది. చివరి లైను 'వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్'. ఫైళ్లు కార్డులో రెండో భాగంలో ఉంటే, తమ్ముడు మూడో భాగమని రాశాడు. లేనిదాని కోసం అది ఎదురుచూస్తూ కూర్చుంది. 3 తీసి 2 పెట్టగానే లాగిన్ అడిగింది.

ఆ రాత్రి నాకు మా క్లాసులో ఒక అబ్బాయి గుర్తొచ్చాడు. పేపర్ ఇస్తే ఖాళీగా ఇచ్చేసేవాడు. 'ఎందుకు రాయలేదు' అంటే తల దించుకునేవాడు. శ్రద్ధ లేదని ప్రోగ్రెస్ కార్డులో రాశాను కూడా.

మర్నాడు వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఎక్కడ ఆగావో వేలు పెట్టి చూపించు నాన్నా" అన్నాను. ట్యాంకులో 3/5 వంతు నీళ్లు వాడేశారు, రిమైనింగ్ ఎంత అనే లెక్క అది. వాడి వేలు 'రిమైనింగ్' మీద ఆగింది. "అంటే మిగిలింది" అన్నాను. "2/5 మేడమ్" అన్నాడు వెంటనే.

లెక్క వాడికి వచ్చు. ఒక్క ఇంగ్లిష్ మాట దగ్గర ఆగి, అడగడానికి భయపడి కూర్చున్నాడు. వాళ్లమ్మగారికి ఫోన్ చేసి, నేను రాసింది తప్పని చెప్పాను. భిన్నాల కూడికలో వాడు ఇంకా తడబడుతూనే ఉన్నాడు. కానీ ఇప్పుడు పేపర్ ఖాళీగా ఇవ్వడం లేదు. ఆగిన చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి తెస్తున్నాడు.

హోంవర్క్ ముందు మీ పిల్లలు కదలకుండా కూర్చుంటే, "ఎందుకు రాదు?" అనే ముందు "ఎక్కడ ఆగావు?" అని ఒకసారి అడగండి. ఆ చోటు డైరీలో రాసి పంపితే చాలు, అక్కడి నుంచి మేం మొదలుపెడతాం.