రెండు రూపాయల వడ్డీ

మన హాస్టల్‌లో పదో తరగతి పిల్లలను అర్ధరాత్రి లేపి అడిగినా బారువడ్డీ సూత్రం చెబుతారు. పి.టి.ఆర్. బై హండ్రెడ్. ఎక్కాలు ఇరవై దాకా గడగడా అప్పజెబుతారు. సంతోషమే. కానీ సూత్రం నోటికి రావడం వేరు, లెక్క అర్థం కావడం వేరు. మనలాంటి ఇళ్ళలో ఆ తేడా డబ్బుల్లో తేలుతుంది.

ఈమధ్య హాస్టల్‌కు వచ్చినప్పుడు స్టడీ అవర్‌లో తమ్ముళ్ళకు ఒక లెక్క ఇచ్చాను. "యాభై వేలు అప్పు, రెండు రూపాయల వడ్డీ, మూడేళ్ళు. వడ్డీ ఎంత?" చాలామంది వెంటనే 3,000 అన్నారు. సూత్రం సరైనదే, గుణకారమూ సరైనదే. జవాబు మాత్రం రావలసిన దాంట్లో పన్నెండో వంతు. పుస్తకంలో రేటు ఏడాదికి. మన కర్నూలు, కడప పల్లెల్లో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు. ఏడాదికి 24 శాతం. అసలు జవాబు 36,000.

మా అమ్మ బడి మెట్టు ఎక్కలేదు. ఆమెను అడిగితే, "నూటికి రెండు, వెయ్యికి ఇరవై, యాభై వేలకు వెయ్యి. నెలకు వెయ్యంటే మూడేండ్లకు ముప్పై ఆరు వేలు గదరా" అంది. సూత్రం తెలియదు. వడ్డీ దేనిమీద, ఎన్నాళ్ళకు అన్నది తెలుసు.

అయితే అమ్మ అనుభవానికీ అందని చోటు ఒకటుంది. అది నోటు తిరగరాయడం. 2019లో మా నాయన బోరు కోసం ప్రోనోటు మీద ఇంతే అప్పు తెచ్చాడు. బోరులో నీళ్ళు పడలేదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్ళు. అందుకే గడువు దగ్గరపడగానే అప్పిచ్చినాయన, "వడ్డీ కలిపి 86,000కు కొత్త నోటు రాయండి, వడ్డీ అదే రెండు రూపాయలు" అన్నాడు. వినడానికి ఏమీ మారనట్టే ఉంది. మా ఇంట్లో నోటు చదవగలిగింది నేనొక్కడినే. కాగితం మీద లెక్క వేసి చూపించాను. పాత నోటే నడిస్తే ఆరేళ్ళకు మొత్తం 1,22,000. తిరగరాస్తే 1,47,920. తేడా 25,920. అది వడ్డీ మీద వడ్డీ. బారువడ్డీ పేరుతో వచ్చిన చక్రవడ్డీ.

అమ్మానాయన గుంటూరు వైపు మిరప కోతకు సుగ్గికి పోయి తెచ్చిన డబ్బులో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టాం. చెల్లు పడితే అప్పిచ్చినాయనకు గడువు మళ్ళీ దొరుకుతుంది. మాకు అసలు యాభై వేల దగ్గరే నిలిచింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఎక్కాలు మానమని నేను చెప్పడం లేదు. ఆ లెక్క అప్పటికప్పుడు తేలిందంటే ఎక్కాల పుణ్యమే. కానీ ప్రతి సూత్రాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. ఇది దేన్ని లెక్కిస్తుంది? ఎంత కాలానికి? దేనిమీద? జవాబు మీ మాటల్లో చెప్పగలిగితే ఆ సూత్రం మీదే. మరిచిపోయినా మళ్ళీ కట్టుకోగలరు.

ఈసారి సెలవులకు పోయినప్పుడు ఇంట్లో నోటు ఏదైనా ఉంటే అడిగి చూడండి. తేదీ, అసలు, వడ్డీ రేటు, వెనక చెల్లు ఉన్నాయో లేదో చదవండి. పరీక్షలో రాని లెక్క అది. మీ ఇంటికి మాత్రం అన్నిటికన్నా అవసరమైనది.