ఉప్పు కలపని మసాలా

మసాలా పొడి సాక్ష్యాలను చెరిపేసుకున్న సరుకు. ధనియం పుచ్చితే కంటికి కనిపిస్తుంది. మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపితే నీళ్లలో వేయగానే తేలి బయటపడతాయి. మరలో పడ్డాక మాత్రం మంచీ చెడూ ఒకే రంగులోకి వచ్చేస్తాయి.

విలేకరిగా గుంటూరు మిర్చి యార్డుకు చాలాసార్లు వెళ్లాను. తేజ, 334, బ్యాడిగి అంటూ టిక్కీలు గుట్టలుగా పేర్చి ఉంటాయి. దగ్గు ఆపుకుంటూ నోట్సు రాసుకోవడమే అక్కడ సగం పని. ప్రతిసారీ నా చూపు తాలు కాయల దగ్గర ఆగేది. తేమ పట్టో, తెగులు సోకో రంగు వెలిసిన కాయలవి. రైతు వాటిని ఏరి విడిగా తెస్తాడు. ధర తక్కువే గానీ అమ్ముడుపోకుండా మిగలవు. ఏ ఇల్లాలూ బజారులో తాలు కాయలు అడిగి కొనదు. కాయగా ఎవరికీ అక్కర్లేనిది ఏ రూపంలో మన ఇంటికి చేరుతుందో ఊహించడానికి రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. అవసరం లేదు.

పొడుల చరిత్ర కూడా ఏమంత బాగాలేదు. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్-1 అనే పారిశ్రామిక రంగును ఫ్రాన్స్ పట్టుకుంది. 2005లో బ్రిటన్‌లో అదే రంగున్న కారం ఒక సాస్‌లోకి, అక్కడి నుంచి వందలాది తినుబండారాల్లోకి పాకి దుకాణాల అరలు ఖాళీ చేయించింది. 2024 ఏప్రిల్‌లో మన మసాలాలు కొన్నింటిలో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందంటూ హాంకాంగ్, సింగపూర్ వాటిని అమ్మకాల నుంచి తీయించాయి. క్రిములను చంపడానికి వాడే ఆ వాయువు క్యాన్సర్ కారకం. ఈ వరుసలో నన్ను కలవరపెట్టేది కల్తీ కన్నా చిరునామాలు. మన వంటింటి సరుకు గురించి కబురు మోసుకొచ్చింది మూడుసార్లూ పరాయి గడ్డే.

అయినా నేను పొడి కొట్టడం మొదలుపెట్టింది ఈ వార్తలు చదివి కాదు, నాన్న కోసం. 2022 డిసెంబర్‌లో ఆయనకు స్టెంట్ వేశారు. రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దన్నారు డాక్టరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ చెప్పే లెక్క కూడా అదే. అంటే అన్నిట్లోనూ కలిపి ఒక్క చెంచాడు. గొణుక్కుంటూనే నాన్న ఆవకాయ వదిలారు, అప్పడం వదిలారు. ఆదివారం వేటమాంసం దగ్గర మాత్రం మొండికేశారు. "ఏరా, ఉప్పు మీద సత్యాగ్రహం చేసిన దేశంలో మళ్లీ ఉప్పుకి నువ్వు పన్నేస్తావా?" అన్నారు. తెనాలిలో మా వంటింటి అలమర తెరిచి మాంసం మసాలా పొట్లాలు తిప్పి చూశాను. వెనక పదార్థాల జాబితాలో ఉప్పు కనిపించింది. జాబితాను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. ఒక పొట్లం మీద ఉప్పు జీలకర్ర కన్నా ముందుంది. దాని పైన అమ్మ తన చేతి ఉప్పు మళ్లీ వేసేది. ఆ కూరలో ఎంత ఉప్పుందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

అందుకే మా పొడిలో మొదటి షరతు ఉప్పు ఉండకపోవడం. ధనియాలు 100 గ్రాములు, ఎండుమిర్చి 50, మిరియాలు 25, జీలకర్ర 25, దాల్చినచెక్క 10, లవంగాలు, యాలకులు అయిదేసి. మిర్చి తొడిమలు తీసి ఒక పూట ఎండలో పెడితే చాలు, మూకుట్లో వేయించనక్కర్లేదు. మాడిన మిర్చి చేదు ఏ దినుసుకూ లొంగదు. మిగిలినవి దేనికది విడిగా, సన్నసెగ మీద. ధనియం రంగు మారే వేళకు జీలకర్ర నల్లబడిపోతుంది, కలిపి వేయిస్తే రెండూ చెడతాయి. పూర్తిగా చల్లారాక మిక్సీని ఆపి ఆపి తిప్పాలి, వేడెక్కితే వాసన గదిలోకి పోతుంది. గసగసాలు, ఎండుకొబ్బరి ఇందులో చేర్చను. నూనె ఉన్న దినుసులు కనుక నిల్వలో మక్కు వాసన వస్తాయి.

అసలు కిటుకు చివర్లో ఉంది: ఎండబెట్టిన చింతచిగురు. మా వైపు వేసవిలో చిగురు కోసి, నీడన ఆరబెట్టి, నలిపి డబ్బాకెత్తుతారు. పులుపు తగిలితే నాలుకకు ఉప్పు తక్కువైన సంగతి అంతగా తెలియదు. పైన చెప్పిన పొడికి గుప్పెడు చిగురు పొడి కలుపుతాను. ఇదే పని ఉత్తరాదిన ఆమ్‌చూర్ చేస్తుంది.

ఉప్పుకు, మసాలాకు తేడా ఒకటుంది. ఉప్పు మాంసంలోకి నెమ్మదిగా ఇంకుతుంది, మసాలా రుచి పైపొర దాటి పెద్దగా లోపలికి పోదు. రాత్రంతా మసాలా పట్టించి ఉంచామని గొప్పగా చెప్పేవాళ్లు ఎక్కువగా ఉప్పు ఘనతనే చెబుతున్నారు. కిలో వేటమాంసానికి నేను తలకొట్టిన టీస్పూను ఉప్పు మాత్రమే వాడతాను. సగం పసుపుతోపాటు ఉడికేటప్పుడు, సగం దించే ముందు పైన. నలుగురికి పంచితే తలకు గ్రామున్నర దాటదు. నీరంతా ఇగిరాక రెండు పెద్ద చెంచాల పొడి చల్లి, ముక్క పొడిబారేదాకా వేపాలి. కోడి అయితే గుడ్డతో తడి అద్ది, పొడి నేరుగా రుద్దొచ్చు. తడి ఉన్నంతసేపు మాంసం ఉడుకుతుంది తప్ప వేగదు. అమెరికా దక్షిణాదివాళ్లు పక్కటెముకల మాంసానికి ఇలాగే పొడి రుద్దుతారు గానీ అందులో బెల్లపు రంగు చక్కెర కూడా కలుపుతారు. గంటల తరబడి సన్నసెగ మీద కాల్చే వంటకు అది నప్పుతుంది, మన మూకుట్లో మాడి మసవుతుంది. నా మనసుకు దగ్గరైంది శ్రీలంక పద్ధతి. అక్కడి 'తున పహ' పొడిని కూరగాయలకు పచ్చిగా, మాంసానికి నల్లగా వేయించి, రెండు రకాలుగా కొడతారు.

ఇంటి పొడి అన్నిటికీ విరుగుడని మాత్రం నేననను. పురుగుమందు అవశేషాలు గింజలోనూ ఉంటాయి, రోకలికి లొంగవు. బంగ్లాదేశ్‌లో పసుపు మెరుపు కోసం సీసం ఉన్న లెడ్ క్రోమేట్ వాడుతున్నారని 2019లో పరిశోధకులు తేల్చారు. అక్కడ ఆ రంగు పూసింది కొమ్ములకే! అందుకే దుగ్గిరాలలో మెరుగు పెట్టని, మొహం మాడ్చుకున్నట్టుండే కొమ్ములు వెతికి తెస్తాను. ఢాకా ప్రభుత్వం తనిఖీలు, జరిమానాలతో రెండేళ్లలో ఆ కల్తీని దాదాపు లేకుండా చేసింది. వంటింట్లో ఎవరూ చేయలేని పని అది. పైగా నాకు ఆదివారం సగం రోజు ఖాళీ ఉంది, మిక్సీ ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో అయిదిళ్ల పని చేసే ఆవిడకు ఉన్నది దుకాణంలో దొరికే చిన్న పొట్లం. నేను కొట్టే పొడి ఆవిడ కూరను ఏమీ మార్చదు.

నాన్న తీర్పు మొదటి ఆదివారమే వచ్చింది. "ఉప్పు తగ్గిందిరా." కాసేపాగి, "ఆ చిగురు మాత్రం బాగా పడింది," అని ఇంకో రెండు ముక్కలు వేయించుకున్నారు. మొన్న వేసవిలో చింతచిగురు రెట్టింపు ఎండబెట్టమని అమ్మకు ఆయనే పురమాయించారు. అమ్మ వరండాలో చాప పరిచి, చిగురు పోసి, గాలికి ఎగిరిపోకుండా చూసే పని ఆయనకే అప్పగించింది.