జాలా లేని మకడీ

మా ఇళ్లలో మకడీని చంపనివ్వరు. సౌర్ గుహ వాకిట అది జాలా అల్లిన కిస్సా విననివాళ్లు మా మొహల్లాలో లేరు. ఉర్దూ మీడియం నుంచి తెలుగులోకి వచ్చాక దాన్ని సాలెపురుగంటారని తెలిసి ఖుషీ అయ్యాను. తెలుగు దాన్ని నేతగాళ్ల బిరాదరీలో కలిపేసింది.

కానీ ఆ బిరాదరీలో జాలా కట్టనిది ఒకటుంది. చెట్టు మొద్దే దాని మకాన్. సైన్సువాళ్లు హెర్సీలియా అంటారు. మన దగ్గర కనిపించే రకానికి 1836లో పేరు పెట్టారు. ఒళ్లు సుమారు సెంటీమీటరు, కాళ్లు మాత్రం బారెడు. వెనకాల రెండు తోకల్లాంటివి ఉంటాయి. అవి తోకలు కావు, దారం తీసే గొట్టాలు. బెరడు రంగు లిబాస్ వేసుకుని, తల కిందికి పెట్టి, బెరడుకి అతుక్కుని ఖామోష్‌గా కూర్చుంటుంది. ఏ చీమో, రెక్కలపురుగో దగ్గరికొస్తే, దానికి వీపు తిప్పి చుట్టూ గిర్రున పరిగెడుతుంది. ఆ పరుగులోనే దారంతో షికారుని బెరడుకి కట్టేస్తుంది. కాటు వేసేది ఆ తర్వాతే. జాలా లేకున్నా నేత మాత్రం మరిచిపోలేదన్నమాట.

చేవెళ్ల మర్రిచెట్ల ఖబర్ కోసం వెళ్లినప్పుడు దీన్ని చూశాను. చూశానంటే, అది కదిలింది గనక. పక్కనే మక్కకంకులు కాలుస్తున్న పెద్దమ్మకి చూపించాను.

"నేను చెక్క పెచ్చనుకున్న బిడ్డా," అని నవ్వింది.

మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డుకి అటూ ఇటూ దాదాపు 900 మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీసేయాలన్నప్పుడు, చెట్లంటే ముహబ్బత్ ఉన్నవాళ్లు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. పెకిలించి వేరేచోట నాటుదామన్న మాట కూడా వచ్చింది. అలా నాటాలంటే ముందు కొమ్మలు నరకాలి, వేళ్లు కోయాలి. మొద్దు బతికితే మంచిదే. కానీ దాని మీది నీడ పోతుంది, చీమల బారు పోతుంది. చెట్టుకైతే లెక్కలో ఒక నంబర్ ఉంటుంది. అందులో కిరాయికున్నవాళ్లకి ఏ నంబరూ ఉండదు.

ఇంట్లో మూలన జాలా కట్టే మకడీని చీపురుతో దులిపితే ఇంకో మూల వెతుక్కుంటుంది. దీనికి బెరడే గోడ, బెరడే చాదర్, బెరడే దస్తర్‌ఖాన్. గుడ్ల సంచిని కూడా అక్కడే అతికించి దాచుకుంటుంది.

కనబడకుండా ఉండటమే దాని హునర్. పక్షి నజర్ నుంచి దాన్ని కాపాడేది అదే. గొడ్డలి పట్టుకున్నవాడి నజర్‌కి మాత్రం అక్కడ ఎవరూ లేరు.