తల్లి వృత్తి

పాప పుట్టిన గంటకే దాని కాలికి ఒక పట్టీ కట్టారు. ‘బేబీ ఆఫ్’ అని, పక్కన మా ఆవిడ పేరు. ఇంటిపేరు లేదు, నేనూ లేను. మన కాగితాల్లో మనిషిని ఒక్క తల్లి పేరుతోనే గుర్తుపట్టే చోటు బహుశా అదొక్కటే. మూడో రోజు డిశ్చార్జితో పాటే అదీ పోయింది.

ఆరోజే జనన నమోదు ఫారం చేతికొచ్చింది. 1969 నాటి చట్టం ప్రకారం 21 రోజుల్లోపు తెలియజేయాలి. దాటితే రుసుము, నెల దాటితే అనుమతులు. బారసాల కూడా చాలా ఇళ్లలో 21వ రోజే. యాదృచ్ఛికమే అనుకుంటా, కానీ ముచ్చటేసింది. పేరు పెట్టకుండా కూడా నమోదు చేయించొచ్చని అదే చట్టంలో ఉంది (మా భాషలో, ఆ కాలమ్ నల్ ఉండొచ్చు). మా అమ్మకి చెప్తే, "అంతవరకైనా తెలివుంది గవర్నమెంటుకి" అంది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం, కాబట్టి స్పెల్లింగులు మూడుసార్లు చూశాను.

ఏది దొరికితే అది చదివే అలవాటు నాది, ఫారాన్నీ వదల్లేదు. రెండు భాగాలు. మొదటిది చట్టం కోసం: తేదీ, చోటు, తల్లిదండ్రుల పేర్లు. రెండోది గణాంకాల కోసం: తల్లి చదువు, వృత్తి, పెళ్లినాటి వయసు, బిడ్డ బరువు. ఒక ఆడమనిషి జీవితాన్ని ఇంత పొట్టిగా చెప్పిన కథ నేనెక్కడా చదవలేదు. ఈ భాగం సర్టిఫికెట్‌లోకి రాదు, లెక్కల్లో కలిసిపోతుంది.

అందులో ‘తల్లి వృత్తి’ దగ్గర ఆసుపత్రి గుమాస్తా అడక్కుండానే ‘గృహిణి’ అని రాసేశాడు.

తను తొమ్మిదేళ్లు టెస్టింగ్‌లో పనిచేసింది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 నుంచి 26 వారాలైంది, జీతంతో సహా. మంచి చట్టమే. ఏడో నెలలో తన కాంట్రాక్టు గడువు ముగిసింది, కంపెనీ పొడిగించలేదు. తీసేశామని ఎవరూ అనలేదు కనుక, గొడవపడ్డానికి ఎదురుగా మనిషీ లేడు.

"పోనీలే, ఆ పేజీ ఎవరూ చూడరు" అన్నాను.

"అందుకే మార్చమంటున్నా. చూసేవాళ్లుంటే నేనే చెప్పుకుంటాను కదా."

"ఇప్పుడు జాబ్ లేదు కదమ్మా" అన్నాడు గుమాస్తా.

"మీరు సెలవు పెట్టిన రోజు మీ వృత్తి ఏమవుతుందండీ?"

అతను కాసేపు పెన్ను పట్టుకుని ఆగాడు. తర్వాత గీత కొట్టి ‘సాఫ్ట్‌వేర్’ అని రాసి, దిద్దినచోట చిన్న సంతకం పెట్టాడు. పాప పేరు గడి మాత్రం ఖాళీగా వదిలాం. బారసాలకి ఇంకా 18 రోజులుంది.